ఉంగరం పోకుండానే కలుద్దాం

(జగదల్‌పూర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల కలయికలో, సినిమా ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగ పాఠం)



సినిమాకీ భోజనానికీ మధ్య మాట్లాడేవాడికి ఎంత సమయం ఉంటుందో నాకు తెలుసు. వెనక నుంచి పులిహోర తాలింపు వాసన వస్తోంది. విస్తళ్ళు వేసేలోగా ముగిస్తానని మాట ఇస్తున్నాను. క్యాషు లెక్క తేలని రోజు తప్ప మనం మాట తప్పం కదా!

మనం ఇప్పుడే చూసిన 'ఈ నగరానికి ఏమైంది' 2018 జూన్ 29న విడుదలైంది. అంతకు రెండేళ్ళ ముందు 'పెళ్ళిచూపులు' తీసిన తరుణ్ భాస్కర్ దీనికి దర్శకుడు. సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు పొగ తాగొద్దని చూపించే ప్రకటనలోని మాటనే సినిమాకి పేరుగా పెట్టారు. 2023లో అయిదేళ్ళు పూర్తయిన రోజున మళ్ళీ విడుదల చేస్తే కుర్రాళ్ళు మళ్ళీ హాళ్ళకి వెళ్ళి చూశారు. సినిమాలో మందు సీసాలు కొంచెం ఎక్కువే ఉన్నాయి. పెద్దవాళ్ళు ఇబ్బందిగా కదిలారు, పిల్లలు మాత్రం కదల్లేదు. అది కూడా గమనించాను.

కథ చిన్నదే. నలుగురు స్నేహితులు. ఒకప్పుడు కలిసి షార్ట్ ఫిల్ములు తీసి పెద్దవాళ్ళం అయిపోదామనుకున్నారు. తర్వాత ఎవరి బతుకు వాళ్ళది. ఒకడు క్లబ్బులో మేనేజరు, ఒకడు డబ్బింగు చెబుతాడు, ఒకడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు, ఒకడు ప్రేమ విఫలమై తాగుతూ కూర్చున్నాడు. ఒక రాత్రి మందు మీద మాట మీద మాట పెరిగి గోవాలో తేలారు. అక్కడ నిశ్చితార్థపు ఉంగరం పోయింది. దాని డబ్బు కోసం ఒక షార్ట్ ఫిల్మ్ పోటీకి దిగారు. ఆ పనిలో పడి మళ్ళీ స్నేహితులయ్యారు.

మనం నవ్వినంతసేపూ నవ్వాం. కానీ ఒక సంగతి చూడండి. ఆ నలుగురూ ఒకే ఊళ్ళో ఉంటారు. అయినా మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక సీసా కావాల్సి వచ్చింది, ఒక ఉంగరం పోవాల్సి వచ్చింది, ఒక పోటీ రావాల్సి వచ్చింది. ఊరికే ఒకడి ఇంటికి ఇంకొకడు వెళ్ళి "ఎలా ఉన్నావురా?" అని అడగలేకపోయారు. అడిగినా "బాగానే ఉన్నా" అంటారు, తర్వాత ఒక తిట్టు తిట్టుకుంటారు, అక్కడితో అయిపోతుంది. ముప్పై దాటిన మగవాడికి స్నేహితుణ్ణి కలవాలంటే ఏదో ఒక పని వంక కావాలి. సినిమా వాళ్ళు దాన్ని హాస్యంగా చూపించారు. మన ఇళ్ళల్లో అది హాస్యంగా ఉండదు.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. 2025లో అమెరికాలో 'ఫ్రెండ్‌షిప్' అనే పేరుతోనే ఒక కామెడీ సినిమా వచ్చింది. పెళ్ళాం, కొడుకు, ఉద్యోగం, ఇల్లు అన్నీ ఉన్న ఒక నడివయసు మనిషి పక్కింటాయనతో స్నేహం కుదుర్చుకోవాలని పడే అవస్థే ఆ సినిమా. మొదట్లో నవ్వు వస్తుంది, పోనుపోను భయం వేస్తుంది. ఎదిగిన మగవాడు ఇంకో మగవాణ్ణి "నాతో స్నేహంగా ఉంటారా?" అని అడగడం వాళ్ళకి అంత వింత. అమెరికాలోనే 2021లో ఒక సర్వే చేస్తే, దగ్గరి స్నేహితుడు ఒక్కడు కూడా లేడని చెప్పిన మగవాళ్ళు నూటికి 15 మంది తేలారు. 1990లో ఆ లెక్క నూటికి 3. మన సినిమా వచ్చిన 2018లోనే బ్రిటన్ ప్రభుత్వం ఒంటరితనం సంగతి చూసే బాధ్యత ఒక మంత్రికి అప్పగించింది. వ్యవసాయానికి, రైల్వేలకి మంత్రి ఉన్నట్టు ఒంటరితనానికీ మంత్రి అన్నమాట!

ఇక మన సంగతికి వద్దాం. మూడేళ్ళకోసారి బదిలీ ఉత్తర్వు వస్తుంది. పిల్లల స్కూలు, గ్యాసు కనెక్షను, పాలవాడు, అన్నీ మారతాయి. శాఖలో రోజూ పక్కపక్కన కూర్చుని పదేళ్ళ స్నేహితుల్లా టీ తాగిన ఇద్దరు, బదిలీ అయిన ఆరు నెలలకి పండగ శుభాకాంక్షల బొమ్మలు మాత్రం పంపుకుంటూ ఉంటారు. అది కూడా అందరికీ కలిపి ఒకేసారి పంపింది.

నాకు బాగా తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి సంగతి చెబుతాను. పేరు చెప్పను. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన ఇంటికి వచ్చేపోయే వాళ్ళకి లెక్కలేదు. రిటైరయ్యాక కూడా రెండు మూడేళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఆయన భార్య పోయింది. నెమ్మదిగా రాకపోకలు ఆగిపోయాయి. ఆయన ఒకసారి నాతో అన్న మాట ఇది: "పండగకి పిలిచేదీ ఆవిడే, పుట్టినరోజులు గుర్తుపెట్టుకునేదీ ఆవిడే. వాళ్ళంతా నా స్నేహితులనే అనుకున్నాను బాబూ. ఆ స్నేహాన్ని నడిపింది మాత్రం ఆవిడ." ఇక్కడున్న అక్కలూ చెల్లెళ్ళూ నవ్వుతున్నారు. మీకు తెలిసిన సంగతే అన్నమాట. మగవాళ్ళ స్నేహాలు చాలావరకు ఆడవాళ్ళ ఫోన్లలో బతుకుతుంటాయి.

మరి దీనికి మందేమిటి? లండన్ దాకా వెళ్ళక్కర్లేదు. మనం కూర్చున్న ఈ బస్తర్‌లోనే ఒకటి ఉంది.

మనలో చాలామంది విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కి, అరకు సొరంగాలు దాటి ఇక్కడికి వచ్చినవాళ్ళమే. మనకంటే ముందు ఓరుగల్లు నుంచి కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని చరిత్ర చెబుతుంది. కాబట్టి ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళలో మనం మొదటివాళ్ళం కాం, ఆఖరివాళ్ళం కూడా కాము. బదిలీల విభాగం ఉన్నంతకాలం వస్తూనే ఉంటాం. వచ్చినవాళ్ళం దసరా చూస్తాం, చిత్రకూట్ జలపాతం చూస్తాం, ఫొటోలు తీసుకుంటాం. ఇక్కడి మనుషులు స్నేహం ఎలా కట్టుకుంటారో మాత్రం అంతగా చూడం.

'కట్టుకుంటారు' అని ఊరికే అనలేదు. ఛత్తీస్‌గఢ్ అంతటా, బస్తర్‌లో కూడా 'మితాన్' అనే ఆచారం ఉంది. మితాన్ అంటే స్నేహితుడు. ఇద్దరు మగవాళ్ళు, లేదా ఇద్దరు ఆడవాళ్ళు, పెద్దల ఎదుట, దేవుడి ఎదుట స్నేహాన్ని కట్టుకుంటారు. కొబ్బరికాయ ఇచ్చిపుచ్చుకుంటారు, బొట్టు పెట్టుకుంటారు. ఏ వస్తువుని సాక్షిగా పెట్టుకుంటే ఆ స్నేహానికి ఆ పేరు. జగన్నాథుడి ప్రసాదం పంచుకుంటే 'మహాప్రసాద్'. గంగనీళ్ళయితే 'గంగాజల్'. ఆడపిల్లలు మొలకెత్తించిన ధాన్యపు నారు ఇచ్చిపుచ్చుకుంటే 'భోజలీ'. రథయాత్రలో పంచే మొలకల పెసల ప్రసాదంతో కట్టుకుంటే 'గజామూంగ్'. ఇక్కడ జగదల్‌పూర్‌లో ఆషాఢంలో గోంచా పండగ చూసే ఉంటారు. వెదురు గొట్టాల తుపాకులతో అడవి కాయలు టపటపా పేలుస్తూ పిల్లలూ పెద్దలూ రథం చుట్టూ తిరుగుతారే, ఆ పండగే.

ఒకసారి కట్టుకున్నాక ఆ ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. "సీతారాం మహాప్రసాద్" అని పలకరించుకుంటారు. స్నేహితుడి తల్లి 'ఫూల్‌దాయీ' అవుతుంది, తండ్రి 'ఫూల్‌దదా' అవుతాడు. పెళ్ళికి వెళ్ళాలి, చావుకి వెళ్ళాలి, పంట పోతే ఆదుకోవాలి. ఇద్దరిదీ ఒకే కులం కావాలన్న నియమం లేదు. చాలాచోట్ల వేరే కులం వాళ్ళతోనే కట్టుకుంటారు. దీనివల్ల కులం పట్టింపులన్నీ పోయాయని నేను అనను. కానీ ఆ గోడలో ఒక తలుపు మాత్రం పెట్టారు.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. మా వైపు కూడా 'నేస్తం కట్టుకున్నారు' అనే మాట ఉంది. నేస్తరికం అంటే ఊసుపోక కబుర్లు కాదు, రెండిళ్ళ మధ్య రాకపోకలు. మాట మిగిలింది, ఆచారం మెల్లగా జారిపోతోంది.

ఈ మహాప్రసాద్ అంటే ఏమిటో నాకు పుస్తకం చెప్పలేదు. మా కౌంటరు చెప్పింది.

ఒక వానాకాలం ఉదయం ఒకావిడ శాఖకి వచ్చింది. వెంట ఆవిడ భర్త వయసున్న ఒక రైతు. ఆవిడ భర్త జ్వరంతో చనిపోయాడు. ఖాతాలో జీవన జ్యోతి బీమా ప్రీమియం కోసుకున్నట్టు ఉంది. అంటే నామినీకి 2 లక్షలు వస్తుంది. కాగితాలు అడిగాను. ఆవిడకి హల్బీ తప్ప రాదు. మా అటెండరు మధ్యలో నిలబడి మాట అందించాడు.

"మీరు ఈవిడకి ఏమవుతారు?" అని ఆ రైతుని అడిగాను.

"మహాప్రసాద్‌ని" అన్నాడు.

"మరిది వరసా?"

"కాదు. ఆయనకి మహాప్రసాద్‌ని."

"సరే, చనిపోయిన ఆయన పేరు చెప్పండి."

ఆయన నోరు మెదపలేదు. వినపడలేదేమోనని గట్టిగా అడిగాను. తల దించుకున్నాడు. అప్పుడు అటెండరు నా దగ్గరికి వంగి, "సార్, ఆయన చెప్పడు. మహాప్రసాద్ పేరు నోటితో అనకూడదు" అన్నాడు. మన అమ్మమ్మలు రేషన్ దుకాణంలో తాతగారి పేరు చెప్పమంటే పక్కింటి పిల్లవాడి చేత చెప్పించేవారు కదా, నాకు ఆ సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ రైతు కూడా కొంచెం నవ్వి, పాస్‌బుక్ తెరిచి, పేరు మీద వేలు పెట్టి చూపించాడు.

ఆ వేలు మా శాఖకి నాలుగుసార్లు వచ్చింది. మరణ ధ్రువపత్రం కోసం పంచాయతీకి, ఆధార్‌లో అక్షరం తేడా సరిచేయించడానికి ఇంకోచోటికి, మళ్ళీ మా దగ్గరికి. నాట్ల రోజులవి. తన పొలం పని వదులుకుని, వానలో ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఎవరో ఒకరు అడిగేవారు, "మీకేంటి సంబంధం?" అని. ప్రతిసారీ ఒకే జవాబు. మా ఫారాల్లో భర్త, తండ్రి, కొడుకు, అన్న అని రాయడానికి చోటుంది. మహాప్రసాద్ అని రాయడానికి చోటు లేదు. అటెండరు చెప్పాడు: వాళ్ళిద్దరిదీ ఒక కులం కాదు, ఒక ఊరు కూడా కాదు. ఇరవై ఏళ్ళ కిందట గోంచా పండగలో కట్టుకున్న స్నేహం.

డబ్బు ఆవిడ ఖాతాలో పడిన రోజు ఇద్దరికీ కాగితం చూపించాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చనిపోయిన మనిషి పేరు ఉన్నచోట వేలు పెట్టి, "ఇది మీరు ఒకసారి పైకి చదవండి సార్" అన్నాడు. చదివాను. "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ చదివాను. తను అనకూడని పేరు చెవులతో విని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మన సినిమాలోని నలుగురి పక్కన ఈ ఇద్దరినీ నిలబెట్టి చూడండి. ప్రేమలో తేడా లేదు. నగరం కుర్రాళ్ళకీ ప్రేమ ఉంది. తేడా ఎక్కడుందంటే, బస్తర్ వాళ్ళు ఆ ప్రేమకి ఒక పేరు పెట్టారు, ఒక రోజు పెట్టారు, ఇంటివాళ్ళని సాక్షులుగా పెట్టారు. అందుకని కలవడానికి వాళ్ళకి వంక అక్కర్లేదు. పలకరింపులోనే బాధ్యత ఉంది. ఇక్కడ కూడా మగవాళ్ళు సల్ఫీ చెట్టు కింద చేరి తాగుతారు. మన ఏజెన్సీలో జీలుగు కల్లు అంటామే, అదే. కానీ మితాన్ కట్టుకునేది ఆ చెట్టు కింద కాదు. నలుగురి ఎదుట, తెలివితో ఉన్నప్పుడు. మందు మీద చెప్పిన ఆప్యాయత పొద్దున్నకి గుర్తుండదు. గుర్తున్నా సిగ్గేస్తుంది.

ఈ మాట ఈ రాష్ట్రంలో ఎంత లోతుగా ఉందో చూడండి. 2002లో పల్లెల్లో ఆరోగ్యం చూసుకునే మహిళా కార్యకర్తల వ్యవస్థ మొదలుపెట్టినప్పుడు వాళ్ళకి 'మితానిన్' అని పేరు పెట్టారు. అంటే నేస్తురాలు. దేశమంతటా ఆశా కార్యకర్తలు రావడానికి ముందే వాళ్ళు ఇక్కడ ఉన్నారు. 2022లో ఇంటికే వచ్చి ధ్రువపత్రాల పని చేసిపెట్టే పథకానికి 'మితాన్' అని పేరు పెట్టారు. మనం కూడా పల్లెల్లో ఖాతాలు చూసే ప్రతినిధిని 'బ్యాంక్ మిత్ర' అనే పిలుస్తున్నాం. నమ్మకం కావలసిన ప్రతిచోటా అధికారి అనే మాట పనిచెయ్యదు, స్నేహం అనే మాట పనిచేస్తుంది.

మనం బ్యాంకువాళ్ళం కాబట్టి మన భాషలో చెప్పుకుందాం. పొదుపు ఖాతాలో రెండేళ్ళకి పైగా ఖాతాదారు ఏ లావాదేవీ చెయ్యకపోతే అది పనిచెయ్యని ఖాతా అవుతుంది. అంతమాత్రాన డబ్బు పోదు, వడ్డీ కూడా పడుతూనే ఉంటుంది. ఖాతాదారు వచ్చి కేవైసీ ఇస్తే చాలు, మళ్ళీ తెరుచుకుంటుంది. దానికి రుసుము కూడా లేదు. పదేళ్ళు దాటితేనే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. అప్పుడు కూడా అడిగితే తిరిగి ఇస్తారు. మీ ఫోన్లో ఉన్న పాత స్నేహితుల పేర్లు అలాంటి ఖాతాలే. అసలు ఎక్కడికీ పోలేదు. కౌంటరు దగ్గరికి మనం వెళ్ళాలి, అంతే. అయితే ఒక్క తేడా ఉంది. బ్యాంకులో ఖాతాదారు పోయినా నామినీకి సొమ్ము అందుతుంది. స్నేహంలో అవతలి మనిషి పోయాక మనం వెళ్తే కౌంటరు మూసి ఉంటుంది.

అందుకని మూడు పనులు చెబుతాను. ఖర్చు లేనివే.

మొదటిది, మీకు నిజంగా స్నేహితుడు అనిపించే ఒక్క మనిషిని ఎంచుకోండి. పదిమంది అక్కర్లేదు. ఏడాదికి ఒక రోజు ఖాయం చేసుకోండి. రథయాత్ర కావచ్చు, సంక్రాంతి కావచ్చు, ఇద్దరూ ఉద్యోగంలో చేరిన రోజు కావచ్చు. ఆ రోజు కలవాలి. కలవలేకపోతే గంటసేపు మాట్లాడాలి. ఏ పనీ లేకుండా మాట్లాడాలి. అప్పు అడగడానికీ, అబ్బాయి పెళ్ళి సంబంధానికీ వేరే రోజు పెట్టుకోండి.

రెండోది, ఆ స్నేహాన్ని ఇంట్లో చెప్పండి. "నాకేదైనా అయితే ముందు ఈయనకి ఫోన్ చెయ్యండి" అని భార్యకో భర్తకో, పిల్లలకో నంబరు చూపించండి. ఖాతాకి నామినీని పెట్టుకుంటాం, లాకరుకీ పెట్టుకుంటాం. కష్టం వచ్చిన రోజు మన ఇంటి గుమ్మం ఎక్కే మనిషి ఎవరో మాత్రం ఇంట్లో వాళ్ళకి తెలియదు. పిల్లలూ, మీరు ఈ రాత్రికే మీ నాన్నని అడగండి: "నాన్నా, నీ మహాప్రసాద్ ఎవరు?" అని. జవాబు రావడానికి కొంచెం సమయం పడితే కంగారు పెట్టకండి. ఆలోచించుకోనివ్వండి.

మూడోది మన సంఘానికి. మన దగ్గర ఎవరైనా రిటైరైతే శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫొటో తీస్తాం. అసలు కష్టం ఆ తర్వాతి నెలలో మొదలవుతుంది. పదిన్నరకి ఎక్కడికీ వెళ్ళక్కర్లేని మొదటి సోమవారం మొదలవుతుంది. ఆ నెలలో ఒకరు, జీవిత భాగస్వామి పోయినవాళ్ళయితే ఏడాది పొడుగునా ఒకరు, వాళ్ళ ఇంటికి వెళ్ళేలా ఇప్పుడే పేర్లు రాసుకుందాం. పెన్ను నా దగ్గరుంది. బయట బల్ల మీద కాగితం పెట్టాను. భోజనానికి వెళ్తూ మీ పేరు, మీరు చూసుకునే మనిషి పేరు రాసి వెళ్ళండి.

బస్తర్ ఆచారాన్ని మనం నకలు కొట్టాలని నేను అనడం లేదు. ఇక్కడి కుర్రాళ్ళలో కూడా అది తగ్గుతోందని పెద్దవాళ్ళు బాధపడుతుంటారు. మనం పేరుపెట్టి పిలుచుకోవచ్చు, "ఒరేయ్" అనుకోవచ్చు, సినిమాలో వాళ్ళలా తిట్టుకోవచ్చు కూడా. ఒక్కటే కోరిక. కలవడం కోసం ఎవరి ఉంగరమూ పోనక్కర్లేకుండా చూసుకుందాం.

విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. సెలవు. అందరికీ సీతారాం, నమస్కారం.